ఫరో ఎవరో కనుక్కో

మా కాన్పు గదిలో తలుపు పక్కన గోడకి ఒక మేకు ఉండేది. దానికి చిన్న బూరలాంటి అల్యూమినియం గొట్టం వేలాడేది. దాని వెడల్పు మూతి తల్లి కడుపుకి ఆనించి, రెండో మూతికి చెవి పెట్టి, చెయ్యి వదిలెయ్యాలి. చేత్తో పట్టుకుంటే మన చేతి చప్పుడే మనకి వినబడుతుంది. ఐదో నెల నిండిన దగ్గర్నుంచి అందులో బిడ్డ గుండె కొట్టుకోవడం తెలుస్తుంది. నిమిషానికి 110 నుంచి 160 సార్లు. దిండు కింద పెట్టిన గడియారంలా ఉంటుందని మాకు పాఠం చెప్పేవారు. 1977లో, పంతొమ్మిదేళ్ల వయసులో మొదటిసారి విన్నప్పుడు నాకు అలా అనిపించలేదు. పక్కింట్లో ఎవరో చిన్నపిల్ల ఉత్త కాళ్లతో ఆ గోడ నుంచి ఈ గోడకి పరిగెడుతున్నట్టు అనిపించింది.

ఆ తల్లి నా మొహం చూసి, "నాకూ వినిపించు నర్సమ్మా" అంది. ఆ గొట్టంతో తన కడుపులో బిడ్డ గుండె తానే వినడం కుదరదు. ఎవరో ఒకరు వంగి విని ఆమెకి చెప్పాలి. లోపల ఒకరున్నారన్న కబురు ముందు పక్కనున్న మనిషి చెవిలోనే పడుతుంది. ఆ పక్క మనిషి ఆ కబురుతో ఏం చేస్తుందన్నది నన్ను బతుకంతా వెంటాడిన ప్రశ్న.

మాది తెనాలి దగ్గర పల్లె. నాన్న లూథరన్ సంఘంలో ఉపదేశి. నేను నర్సింగు, మిడ్‌వైఫరీ చదివి, 1980 నుంచి 2016 దాకా ఒక మిషన్ ఆసుపత్రి కాన్పుల వార్డులో పనిచేశాను. కడుపులో పడ్డ ప్రాణం దేవుడిదని నమ్ముతాను. దాన్ని తీసే హక్కు మనకి లేదని నమ్ముతాను. ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో క్రైస్తవులు కాని ఇరుగుపొరుగువాళ్లకి చెప్పాలని చాలాకాలంగా ఉంది. ఆ నమ్మకం మా మీద ఇంకా ఏ బరువు పెడుతుందో మా వాళ్లకీ చెప్పాలి. రెండోది చెప్పడమే కష్టం.

1981లో ఒక సాయంత్రం పొగాకు గ్రేడింగుకి వెళ్లే కూలి మనిషిని ఎడ్లబండిలో తెచ్చారు. నాలుగో కడుపు. ఊళ్లో ఎవరి చేతో తీయించుకుంది. మూడు రోజులుగా జ్వరం, దుర్వాసన, మాట తడబడుతోంది. నాకు అప్పటికి ఇరవై మూడేళ్లు. సెలైన్ ఎక్కిస్తూ, "బిడ్డను చంపుకుని ఇక్కడికొచ్చావా?" అన్నాను. ఆమె కళ్లు మూసుకుంది. వెనక నిలబడిన మేట్రనమ్మ నా చేతిలో సీసా తీసుకుని, "నువ్వు బయటికెళ్లు" అంది. ఆయాలు ఉండగా తనే బేసిన్‌లో వేణ్ణీళ్లు తెచ్చి, ఆమెను శుభ్రంగా తుడిచి, చీర మార్చింది. కిటికీలోంచి నేను చూస్తూ నిలబడ్డాను.

ఆ రాత్రి డ్యూటీ గదిలో మేట్రనమ్మ బైబిలు తీసి నిర్గమకాండం మొదటి అధ్యాయం నా ముందు పెట్టింది. అది మంత్రసానుల కథ. ఐగుప్తులో హెబ్రీయులు బానిసలు. వాళ్లు పెరిగిపోతున్నారని రాజుకి భయం పట్టింది. షిఫ్రా, పూయా అనే ఇద్దరు మంత్రసానుల్ని పిలిపించి, కాన్పు పీట దగ్గర మగబిడ్డ కనబడితే చంపేయండి, ఆడబిడ్డయితే బతకనివ్వండి అని ఆజ్ఞ ఇచ్చాడు. వాళ్లు దేవుడికి భయపడి పిల్లల్ని బతకనిచ్చారు. రాజు నిలదీస్తే, హెబ్రీ ఆడవాళ్లు చురుకైనవాళ్లు, మేం వెళ్లేలోపే కనేస్తున్నారు అని తప్పించుకున్నారు.

"ఇందులో ఆ ఫరో పేరేమిటి?" అని అడిగింది మేట్రనమ్మ.

వెతికాను. "లేదండీ. ఫరో అనే ఉంది." ఫరో అన్నది ఐగుప్తు రాజులందరికీ ఉన్న బిరుదు.

"మంత్రసానుల పేర్లు?"

"ఉన్నాయి."

"రాజు పేరు రాయకుండా పల్లె మంత్రసానుల పేర్లు రాసిపెట్టాడు దేవుడు. వాళ్లు రాజు మాట కాదన్నారు గానీ కాన్పు పీట మీదున్న ఆడదాన్ని ఒక్క మాట అనలేదు. నీ దగ్గరికి ఇలాంటి మనిషి వచ్చినప్పుడల్లా ఫరో ఎవరో కనుక్కో. తల్లిని పట్టుకుని ఫరో అనకు."

ఆ కూలి మనిషి పదకొండు రోజులుంది. బతికింది. నాలుగో రోజున నాతో మాట్లాడింది. గ్రేడింగు సీజనులో కడుపుతో ఉన్నవాళ్లని మేస్త్రీ పనిలోకి రానివ్వడు. సీజను పోతే ఏడాది అప్పు తీరదు. అప్పు తీరకపోతే పెద్దపిల్లని కూడా పనిలో పెట్టాలి. ఆ పిల్లకి తొమ్మిదేళ్లు. ఇదంతా ఆమె ఏడవకుండా, లెక్క అప్పజెబుతున్నట్టు చెప్పింది. నేను అన్న మాటకి క్షమించమని అడిగాను. "నువ్వేమన్నావో నాకు గుర్తులేదమ్మా" అంది. గుర్తుందని నాకు తెలుసు.

అప్పటికి మన దేశంలో గర్భం తీయించుకోవడానికి అనుమతించే చట్టం వచ్చి తొమ్మిదేళ్లు దాటింది. అంతకు ముందు 1860 నాటి శిక్షాస్మృతిలో 312వ సెక్షన్ ఉండేది. తల్లి ప్రాణం కాపాడడానికి తప్ప గర్భం తీయడం నేరం, తీయించుకున్న ఆడదానికీ శిక్షే. ఇలా నాటుచేతుల్లో చచ్చిపోతున్న ఆడవాళ్లను చూసి 1964లో కేంద్రం శాంతిలాల్ షా అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. దాని నివేదిక మీద 1971లో ఎంటీపీ చట్టం చేశారు, 1972 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2021లో దాన్ని సవరించారు. ఇప్పుడు 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య అత్యాచార బాధితులు, మైనర్లు వంటి కొన్ని వర్గాలవారికి ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో అనుమతి ఉంది. బిడ్డకి తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేలిస్తే ఆ గడువు కూడా లేదు. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు పెళ్లికాని ఆడవాళ్లకీ ఇదే హక్కు వర్తిస్తుందని చెప్పింది.

మా ఆసుపత్రి తల్లి ప్రాణం మీదికి వస్తే తప్ప అబార్షన్లు చేసేది కాదు. అది మా విశ్వాసం, దాన్ని నేను ఈ రోజుకీ తప్పనను. కానీ ఆ కూలి మనిషికి మా గేటు దగ్గర "చెయ్యం" అన్న మాట తప్ప ఇంకేమీ దొరకదని తెలుసు. ప్రభుత్వాసుపత్రిలో చేస్తారన్న సంగతి తెలియదు. అందుకే ఊళ్లోనే ఆ చేతికి దొరికింది. మేం "చెయ్యం" అని ఊరుకోకుండా, "ఈ సీజను నీ ఇల్లు మేం చూస్తాం, బిడ్డని కను" అని ఉంటే? అన్నవాళ్లు లేరు. నేనూ అనలేదు.

కొన్నేళ్ల కింద మా సంఘంలో స్త్రీల సమాజం కూడినప్పుడు డిగ్రీ చదివే అమ్మాయి ఒకతె లేచి, "అమ్మమ్మగారూ, అబార్షన్ చేయించుకోకూడదని బైబిల్లో ఎక్కడుంది?" అని అడిగింది. గదిలో పెద్దవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను నిజం చెప్పాను. ఆ మాటల్లో ఎక్కడా లేదు. మోషే ధర్మశాస్త్రంలో లేదు, సువార్తల్లో లేదు, పౌలు పత్రికల్లో లేదు. మరి రెండు వేల ఏళ్లుగా సంఘం ఎందుకు వద్దంది?

ముందుగా ఆదికాండం. మనిషిని దేవుడు తన పోలికలో చేశాడు. మనిషి విలువ తెలివిలోనో, బలంలోనో, సంపాదనలోనో లేదు, ఆ పోలికలో ఉంది. అందుకే మంచాన పడ్డ ముసలివాడికీ, మాట రాని పిల్లాడికీ రాజుతో సమానమైన విలువ. ఆ తర్వాత 139వ కీర్తన. తల్లి గర్భంలో తనను దేవుడే నేతపనిలా అల్లాడని, ఇంకా రూపం రాకముందే తనను చూశాడని దావీదు అందులో పాడతాడు. యిర్మీయా ప్రవక్తకైతే, గర్భంలో రూపం ఇవ్వకముందే నిన్నెరుగుదునని కబురొస్తుంది.

నాకు అన్నిటికన్నా దగ్గరిది లూకా సువార్త మొదటి అధ్యాయం. మంత్రసాని చదవాల్సిన అధ్యాయమది. మరియ చుట్టం ఎలీసబెతుకి ఆరో నెల. యేసుకి తల్లివవుతావని దేవదూత కబురు చెప్పి వెళ్లగానే మరియ కొండసీమకి త్వరపడి వచ్చింది. అంటే ఆమెకి ఇంకా నెల తప్పిందో లేదో కూడా తెలియనన్ని రోజులు. ఆమె గొంతు వినగానే ఎలీసబెతు కడుపులో బిడ్డ గంతులేశాడు. ఆరో నెలలో బిడ్డ కదలిక ఎంత గట్టిగా తెలుస్తుందో నా అరచేతికి తెలుసు, అందులో నాకు వింత లేదు. ఆ ముసలామె మరియను అప్పటికే తన ప్రభువు తల్లిగా పలకరించడమే నన్ను నిలబెట్టేస్తుంది. గింజంత కూడా లేని బిడ్డకి తల్లి అని పిలుపు. గర్భంలో గంతులేసిన యోహానుకి లూకా వాడిన గ్రీకు మాట బ్రెఫోస్. తర్వాతి అధ్యాయంలో పశువుల తొట్టిలో పడుకున్న యేసుకీ అదే మాట. పుట్టకముందొక పేరు, పుట్టాక ఒక పేరు ఆయన పెట్టలేదు.

ఇక ఇబ్బందిపెట్టే వాక్యం కూడా ఆ అమ్మాయికి చూపించాను. నిర్గమకాండం 21వ అధ్యాయం. ఇద్దరు మగవాళ్లు కొట్టుకుంటుంటే పక్కనున్న గర్భవతికి దెబ్బ తగిలితే ఏం శిక్ష అన్నది అక్కడి విషయం. హెబ్రీ మూలాన్ని కొందరు గర్భం పోతే జరిమానా, తల్లి చస్తే ప్రాణానికి ప్రాణం అని చదువుతారు. ఆ చదువు ప్రకారం కడుపులో బిడ్డకి తల్లితో సమానమైన లెక్క లేదు. ఇంకొందరు నెలలు నిండకుండా కాన్పయి ఇద్దరూ క్షేమంగా ఉంటే జరిమానా అని చదువుతారు. అప్పుడు అర్థం తిరగబడుతుంది. క్రీస్తుకు పూర్వం గ్రీకులోకి అనువదించినవాళ్లు మూడో దారి పట్టారు. బిడ్డకి రూపం వచ్చిందా లేదా అన్నదాన్ని బట్టి శిక్ష మార్చారు. ఆ అనువాదం నుంచి పుట్టిన వాదం శతాబ్దాల తరబడి నడిచింది.

హిప్పో బిషప్పు అగస్టీను రూపం వచ్చిన పిండానికీ రానిదానికీ తేడా చూశాడు. పదమూడో శతాబ్దంలో థామస్ అక్వినాస్, అరిస్టాటిల్‌ని అనుసరించి, మగపిండానికి 40 రోజులకీ ఆడపిండానికి 90 రోజులకీ మనిషి ఆత్మ వస్తుందనుకున్నాడు. ఈ సంగతి చెప్పినప్పుడు గదిలో ఆడవాళ్లంతా ఒక్కసారి కదిలారు. ఆత్మ రావడంలో కూడా మనది యాభై రోజులు ఆలస్యమా అంది ఒకావిడ. అరిస్టాటిల్‌కి ఆడదానిలో అండం ఉంటుందని తెలియదు. క్షీరదాల అండాన్ని కంటితో చూసింది 1827లో, కార్ల్ ఎర్నెస్ట్ ఫాన్ బేర్. అయితే ఒకటి చెప్పాలి. ఆ తేడా పాపానికి ఎంత శిక్ష అన్నదాంట్లోనే గానీ, తొలి వారాల్లో తీసినా పాపం కాదని వాళ్లెవరూ అనలేదు. కతోలిక సంఘంలో 1588లో ఐదో సిక్స్‌టస్ పోపు ఆ తేడా కొట్టేశాడు. మూడేళ్లకే 1591లో పద్నాలుగో గ్రెగరీ మళ్లీ తెచ్చాడు. 1869లో తొమ్మిదో పయస్ పూర్తిగా తీసేశాడు. తూర్పు సంఘాల పెద్ద బాసిల్ అయితే నాలుగో శతాబ్దంలోనే రూపం వచ్చిందా రాలేదా అన్న విచారణ మాకు అక్కర్లేదన్నాడు. ఆయనే, తీయించుకున్న తల్లిని చచ్చేదాకా సంఘానికి దూరంగా ఉంచొద్దు, పదేళ్ల ప్రాయశ్చిత్తం చాలన్నాడు. పదేళ్లు ఈ రోజు మనకి ఎక్కువే. ఆ కాలంలో అది తలుపు తెరవడం.

ఆ తొలి క్రైస్తవులు ఏ లోకంలో బతికారో తెలిస్తే వాళ్ల పట్టుదల అర్థమవుతుంది. ఐగుప్తులో తవ్వకాల్లో దొరికిన ఒక ఉత్తరం ఉంది. క్రీస్తుపూర్వం 1లో హిలారియోన్ అనే కూలివాడు అలెగ్జాండ్రియా నుంచి భార్యకి రాసింది. జీతం రాగానే పంపుతాను, పిల్లవాడిని జాగ్రత్తగా చూసుకో అని ప్రేమగా రాస్తూనే, కనబోయే బిడ్డ మగైతే ఉంచు, ఆడైతే పారెయ్యమన్నాడు. దుర్మార్గుడిలా రాయలేదు, కూరగాయల సంగతి రాసినంత మామూలుగా రాశాడు. రోము సామ్రాజ్యంలో బిడ్డను ఊరి బయట పారేయడం తండ్రి హక్కు. ఆ లోకంలో రాసిన డిడాకే అనే తొలి క్రైస్తవ బోధ పుస్తకం పిండాన్ని తీయొద్దు, పుట్టిన బిడ్డను చంపొద్దు అని రెండిటినీ ఒక్కచోటే చెప్పింది. దాని చేతిరాత ప్రతి 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో బయటపడింది.

హిలారియోన్ ఉత్తరం గురించి చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. ఆ ఉత్తరం మన ఊళ్లలో ఇంకా బట్వాడా అవుతూనే ఉంది. 1990ల్లో మా చుట్టుపక్కల టౌన్లలో స్కానింగు మిషన్లు వచ్చాయి. 1994లో లింగ నిర్ధారణ నిషేధిస్తూ చట్టం చేశారు, 1996 నుంచి అమలు. ప్రతి స్కానింగు గదిలో బోర్డు, ప్రతి గర్భవతికీ ఫారం ఎఫ్. అయినా జనాభా లెక్కల్లో ఆరేళ్లలోపు వెయ్యిమంది మగపిల్లలకి 2001లో 927 మంది ఆడపిల్లలుంటే, 2011కి 919 మందే మిగిలారు.

మా సంఘంలోనే జరిగింది. ఒక సంఘ పెద్ద కోడలు. ఇద్దరు ఆడపిల్లలు. మూడోసారి నాలుగో నెలలో కనబడడం మానేసింది. తర్వాత ఆరాధనలో నా పక్కన కూర్చుని, "కడుపు పోయిందత్తా" అంది. పోయిన కడుపుకీ తీయించిన కడుపుకీ ఆడదాని గొంతులో తేడా ఉంటుంది. ఆ ఆదివారం 139వ కీర్తన చదివింది ఆమె మామగారే. గొంతు వణక్కుండా చదివాడు. ఐగుప్తు ఫరో మగబిడ్డను చంపమన్నాడు. మన ఫరో ఆడబిడ్డను చంపమంటాడు, చర్చిలో ముందు బెంచీలో కూర్చుంటాడు. నేను ఆ రోజు లేచి ఏమీ అనలేదు. తర్వాత ఇంటికి వెళ్లి ఆయనతో మాట్లాడాను. వంశం అన్నాడు. ఆ కోడలు వంటింట్లోంచి వింటూ నిలబడింది.

తల్లి ప్రాణం మీదికి వస్తే ఏం చేస్తారని చాలామంది అడుగుతారు. ట్యూబులో గర్భం పగిలి వచ్చినవాళ్లను నేనెందరినో థియేటరుకి తీసుకెళ్లాను. అక్కడ ఎవరూ ఆగి పాస్టరుగారిని అడగలేదు. ఆ బిడ్డ బతికే దారి లేదు, తల్లి బతికే దారి ఉంది. చెడిపోయిన ట్యూబును తీయడమే ఉద్దేశం, బిడ్డ పోవడం కోరుకున్నది కాదని కతోలికులు అంటారు. దక్కే ప్రాణాన్ని దక్కించుకోవడమే దేవుడి చిత్తమని మా లూథరన్లు అంటారు. మాటలు వేరైనా కత్తి ఒకచోటే పెడతారు.

ఈ మాట మరిచిపోయినప్పుడు ఏమవుతుందో కూడా రాయాలి. 2012 అక్టోబరు 28న ఐర్లండులోని గాల్వేలో సవితా హలప్పనవర్ చనిపోయింది. మన పొరుగున కర్ణాటక అమ్మాయి, పళ్ల డాక్టరు, 31 ఏళ్లు. 17 వారాల గర్భం, నిలవదని తేలిపోయింది. తీసేయమని అడిగితే, బిడ్డ గుండె ఇంకా కొట్టుకుంటోంది కాబట్టి కుదరదన్నారు. రక్తమంతా విషమెక్కి పోయింది. నా చెవికి అంత ఇష్టమైన ఆ చప్పుడే ఆమెను చావనివ్వడానికి కారణమైంది. తల్లి జబ్బుకి వైద్యం చేయడంలో బిడ్డ దక్కకపోతే అది హత్య కాదని కతోలిక బోధలోనే ఉంది. ఆ దేశంలో చట్టానికి భయపడిన చేతులు కదల్లేదు. 2018 మే 25న ఐర్లండు ప్రజలు ఓటేసి అబార్షన్‌ని అడ్డుకున్న రాజ్యాంగ సవరణని తీసేశారు, మూడింట రెండు వంతుల మంది. ప్రాణం పవిత్రం అన్నవాళ్లు ఒక తల్లి ప్రాణాన్ని లెక్కచేయకపోతే జనం వాళ్ల మాట వినడం మానేస్తారు. అది న్యాయమే.

మన దగ్గరికి వచ్చిన మిషనరీ డాక్టరమ్మలు మొదలుపెట్టింది తల్లి ప్రాణంతోనే. ఐడా స్కడర్ కథ వేలూరు ఆసుపత్రికి వెళ్లిన ప్రతి తెలుగు కుటుంబానికీ తెలుసు. తిండివనంలో ఒక్క రాత్రి ముగ్గురు భర్తలు వచ్చి కాన్పు కష్టమైన తమ భార్యల్ని చూడమన్నారు. ఐడా డాక్టరు కాదు. డాక్టరైన తండ్రిని పంపుతానంటే, మగవాడు మా ఆడవాళ్లను ముట్టకూడదన్నారు. తెల్లారేసరికి ఆ ముగ్గురు ఆడవాళ్లూ చనిపోయారు. ఆమె వెళ్లి డాక్టరీ చదివి 1900లో తిరిగొచ్చింది. మా గుంటూరుకి అంతకు ముందే, 1883లో, డాక్టర్ అన్నా కుగ్లర్ వచ్చారు. ఆడవాళ్లకీ పిల్లలకీ 1898లో ఆసుపత్రి తెరిచి, 1930లో ఇక్కడే కన్నుమూశారు. వాళ్లు కడుపులో బిడ్డ విలువ గురించి ఉపన్యాసాలతో మొదలుపెట్టలేదు. అర్ధరాత్రి లాంతరు పట్టుకుని వెళ్లారు.

లోపం ఉన్న బిడ్డల సంగతి నాకు అన్నిటికన్నా బరువు. పుర్రె ఏర్పడని బిడ్డని స్కానింగులో చూసి, తీయించుకోమని పెద్దాసుపత్రిలో చెప్పారని ఒక జంట మా దగ్గరికి వచ్చింది. మేం కంటాం అన్నారు. నేను సలహా ఇవ్వలేదు, వాళ్లే తేల్చుకుని వచ్చారు. కాన్పు రోజున బిడ్డ ఏడవలేదు, ఊపిరి తీసింది. పాస్టరుగారు వచ్చే వ్యవధి లేకపోతే ఏ విశ్వాసి అయినా బాప్తిస్మం ఇవ్వొచ్చని మా సంఘంలో ఉంది. స్టీలు గ్లాసులో నీళ్లు పట్టి నేనే ఇచ్చాను. తండ్రి పేరు చెప్పాడు. తలకి చిన్న ఊలు టోపీ పెట్టి తల్లి రొమ్ము మీద పడుకోబెట్టాం. నలభై నిమిషాలు ఉంది. రిజిస్టరులో పుట్టిన టైమూ పోయిన టైమూ ఒకే చేతితో రాశాను. అదే కబురు విని ఇంకో దారి పట్టిన తల్లుల్నీ నేను చూశాను, వాళ్ల చేతులూ పట్టుకున్నాను. ఆ నలభై నిమిషాలు మోయగలవని ఇంకొకరికి చెప్పడానికి నాకు నోరు రాదు. అవి వృథా అంటే మాత్రం ఒప్పుకోను.

ఇప్పుడు క్రైస్తవులందరూ ఒక్క మాట మీద లేరు. నేరుగా గర్భం తీయడం ఎప్పుడూ తప్పేనని కతోలిక సంఘం అంటుంది. ప్రొటెస్టెంట్లలో చాలామంది అది ఘోరమైన విషయమే గానీ అత్యాచారం లాంటి చోట్ల చట్టం తలుపు మూయకూడదంటారు. అమెరికాలో ఇంత గట్టిగా వ్యతిరేకించే సదరన్ బాప్టిస్టులే 1971లో తల్లి మానసిక ఆరోగ్యానికి కూడా చోటిచ్చే తీర్మానం చేసి, 1980కి వెనక్కి తీసుకున్నారు. నా వరకు నేను కతోలికుల మాటకి దగ్గరగా ఉంటాను. కానీ అత్యాచారానికి గురైన పదమూడేళ్ల పిల్ల ముందు నిలబడి ఆ మాట అనమంటే అనలేను. ఈ రెండిటినీ కలిపే తాడు నా దగ్గర లేదు.

రిటైరయ్యాక బోన్‌హోఫర్ చెప్పింది తెలుసుకున్నాను. జర్మనీ లూథరన్ పాస్టరు, హిట్లర్‌ని ఎదిరించి 1945 ఏప్రిల్ 9న ఉరికంబమెక్కినవాడు. నీతిశాస్త్రం మీద ఆయన రాసిన పుస్తకంలో గర్భం తీయడం హత్యేనని మెత్తబరచకుండా చెప్పి, వెంటనే, దిక్కులేనితనంలో పేదరికంలో చేసిన చోట ఆ దోషం ఆ ఒక్క మనిషి కన్నా చుట్టూ ఉన్న సంఘం మీదే ఎక్కువ పడొచ్చన్నాడు. 1995లో రెండో జాన్ పాల్ పోపు కూడా తన లేఖలో బిడ్డ తండ్రినీ, ఒత్తిడి తెచ్చిన కుటుంబాన్నీ, డాక్టర్లనీ, చట్టం చేసినవాళ్లనీ లెక్కలోకి తెచ్చి, తీయించుకున్న తల్లులతో మాత్రం ఓదార్పుగా మాట్లాడాడు. మా మేట్రనమ్మ 1981లో డ్యూటీ గదిలో చెప్పిందీ అదే.

మూడేళ్ల కింద ఒక రాత్రి తొమ్మిదింటికి తల్లీకూతుళ్లు మా ఇంటికి వచ్చారు. పిల్లకి ఇరవై ఏళ్లు, పెళ్లి కాలేదు, ఐదో నెల. "పొద్దున్నే తీయించేద్దామని తీసుకెళ్తున్నా, మీకు తెలిసిన డాక్టరుంటే చెప్పండి" అంది తల్లి. పిల్ల గోడ వైపు చూస్తోంది. చట్టం ఒప్పుకుంటుందని చెప్పాను, అబద్ధం చెప్పదలుచుకోలేదు. నా నమ్మకం వేరని కూడా చెప్పాను. అప్పుడు పిల్లని అడిగాను, "నీకేం కావాలమ్మా?" ఆ ఇంట్లో ఆ ప్రశ్న అప్పటిదాకా ఎవరూ వెయ్యలేదు. "కంటాను. కానీ ఊళ్లో ఎలా ఉండను?" అంది. తీయించుకుంటానని ఉంటే నా బాధ నాకుండేది, ఆమెకి జావ కాచిపెట్టేదాన్నే.

నాలుగు నెలలు మా ఇంట్లోనే ఉంది. సంఘంలో గుసగుసలు పుట్టాయి. అందరికన్నా ఎక్కువ మాట్లాడిన ఆవిడ ఒక మంగళవారం క్యారేజీలో మునగాకు పప్పు, పెరుగు తెచ్చింది. ఏమీ అనకుండా గిన్నెలు సర్దిపెట్టి వెళ్లింది. కాన్పు దాకా ప్రతి మంగళవారమూ తెచ్చింది. పాస్టరమ్మగారు ఆసుపత్రికి తోడొచ్చారు. మార్చి నెలలో ఆడపిల్ల పుట్టింది, రెండు కేజీల ఎనిమిది వందలు.

బిడ్డను పెంచలేనని ఆమె అంది. శిశుసంక్షేమ కమిటీ ముందు పత్రం రాసిచ్చింది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం తల్లి మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువుంటుంది. ఆ అరవై రోజులూ నేను ఫోను దగ్గర పెట్టుకునే పడుకున్నాను. ఆమె చెయ్యలేదు. అరవై ఒకటో రోజున నేను చెయ్యబోయి మానేశాను. బిడ్డ దత్తత వెళ్లిందని తర్వాత తెలిసింది, ఎక్కడికన్నది చెప్పరు, చెప్పకూడదు.

ఆ పిల్ల ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. ఏటా మార్చిలో ఆ తేదీన సాయంత్రం ఫోను చేస్తుంది. బిడ్డ మాట ఎత్తదు. "అమ్మమ్మా, ఈ రోజు ఏం వండావు?" అని అడుగుతుంది. చెబుతాను. ఉప్పు ఎంత వేశానో, మునగాకు ఎవరి చెట్టుదో కూడా అడుగుతుంది. అవీ చెబుతాను.